సీలు తీయని గ్లౌజులు

మా సంస్థలో ప్రమాదాలు జరగవు. ఈ మాట నేను గొప్ప కోసం చెప్పడం లేదు. రోజూ ఉదయం హాల్లో ఉన్న నల్లబోర్డు మీద సుద్దముక్కతో ఆ సంగతి రాసేవాణ్ణి నేనే కాబట్టి నాకు తెలుసు. పైన "ప్రమాదరహిత దినములు" అని తెల్లరంగుతో ఎప్పుడో రాయించారు. కింద అంకె నాది. నిన్నటి అంకెకు ఒకటి కలపడమే పని. రికార్డు అసిస్టెంటుగా చేరిన కొత్తలో ఒకసారి, "నిన్న ఏమీ జరగలేదు కదా సార్?" అని అడిగి ఆ తరవాత కలిపాను. మా భద్రతాధికారి పేర్రాజు గారు కళ్ళజోడు తీసి నన్ను జాలిగా చూశారు.

"కొండలరావ్, బోర్డు ఉన్నది విజయాన్ని ప్రకటించుటకు గాని విచారణ చేయుటకు కాదు" అన్నారు.

అప్పటినుంచి అడగడం మానేశాను.

మా సంస్థ పేరు ఆత్మీయ గృహ ఆరోగ్య సేవ. కాకినాడ రామారావుపేటలో మూడంతస్తుల మేడ. తుంటి విరిగినవాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మంచం దిగలేనివాళ్ళు ఉన్న ఇళ్ళకు మనుషుల్ని పంపుతాం. ఊళ్ళో వాళ్ళని ఆయాలంటారు. మేము అనం, "ఆరోగ్య సహచరి" అంటాం. ఈ సహచరులు ఉదయం ఏడింటికల్లా ఆఫీసుకు వచ్చి హాజరు మిషన్ మీద కుడి బొటనవేలు పెట్టాలి. మిషన్ ఆడగొంతుతో "ధన్యవాదములు" అంటుంది. అప్పుడు సామాన్ల సంచి పుచ్చుకుని ఇళ్ళకు వెళ్ళి, రోగికి ఒళ్ళు తుడవడం, పక్క మార్చడం, కమోడ్ కుర్చీ కడగడం, బాత్‌రూం తోమడం అన్నీ చేసి, సాయంత్రం మళ్ళీ వచ్చి వేలు పెట్టాలి. నాలుగో నిబంధన ప్రకారం రాకా పోకా రెండూ పడితేనే ఆ రోజు డ్యూటీ చేసినట్టు. రాక పడి పోక పడకపోతే ఆ మనిషి అసలు రానట్టే.

నిబంధనలన్నీ పేర్రాజు గారివే. ఆయన ప్రభుత్వంలో ముప్పై మూడేళ్ళు చేసి రిటైరయ్యాక మా దగ్గర చేరారు. ఏ శాఖలో చేశారని అడిగితే "అనేక శాఖలు" అంటారు. మనిషి చెడ్డవాడు కాదు. ఎండన పడి వచ్చినవాళ్ళని ఫ్యాను కింద కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పిస్తారు. కాకపోతే కాగితం చేతికొస్తే ఎదుటి మనిషి కనపడడు ఆయనకు. ప్రమాదాల రిజిస్టరు ఆయనే తెప్పించి, ఎర్రసిరాతో గళ్ళు కొట్టించి, అట్ట లోపల సూచనలు స్వదస్తూరీతో రాసి అతికించారు. "ముందు జరిగినది నమోదు చేయక తరువాత జరిగినది నమోదు చేయరాదు" అన్నది అందులో తొమ్మిదో నిబంధన. రిజిస్టరులో ఒక్క అక్షరమూ పడలేదు కాబట్టి ఆ నిబంధనకు భంగం కలిగే అవకాశమే రాలేదు.

ఇక పద్నాలుగో నిబంధన, గ్లౌజులది. రెండేళ్ళ కిందట మా చైర్మన్ గారు ఏదో పెద్ద హోటల్లో భద్రతా సదస్సుకు వెళ్ళి, భోజనం చేసి, మంచి ఉత్సాహంతో తిరిగొచ్చారు. వచ్చీ రాగానే ప్రతి సహచరికీ ఒక జత నీలం రబ్బరు గ్లౌజులు, సీలు వేసిన కవరులో, చప్పట్ల మధ్య పంచారు. మొదటి నెల తనిఖీకి కొందరివి చిరిగిపోయాయి, కొందరివి మరకలయ్యాయి, ఒకావిడ ఒక్క చేతిదే తెచ్చింది. పేర్రాజు గారు తల పట్టుకున్నారు.

"రక్షణ సామగ్రికే రక్షణ లేకపోతే ఎట్లాగయ్యా?" అన్నారు.

పాడు చేసుకున్నవాళ్ళకు కొత్తవి ఇప్పించి, వెంటనే సర్క్యులర్ తీశారు. సదరు గ్లౌజులను ప్రతి నెల మొదటి సోమవారమున సీలు చెదరకుండా చూపవలెను. సీలు చెదిరినచో రక్షణ సామగ్రిని దుర్వినియోగపరచినట్లు భావించబడును.

ఆ తరవాత నెల నుంచి అందరూ పాసే. అరవై రెండు మంది వరసగా నిలబడి అరవై రెండు కవర్లు ఎత్తి చూపిస్తుంటే పేర్రాజు గారి కళ్ళు చెమ్మగిల్లేవి. కవర్లు పట్టుకున్న చేతులు మాత్రం పొలుసులు లేచి, గోళ్ళ చుట్టూ తెల్లగా పాలిపోయి ఉండేవి. వాటి ప్రస్తావన సర్క్యులర్‌లో లేదు గనక ఎవరూ చూసేవాళ్ళు కాదు. నేనూ చూసేవాణ్ణి కాదు.

మరుసటి ఏడాది ఉత్సాహం పర్యావరణం. బాత్‌రూం యాసిడ్ మాకు పెద్ద డ్రమ్ముల్లో వస్తుంది. దాన్ని ఖాళీ మంచినీళ్ళ సీసాల్లో నింపి సహచరులకు ఇవ్వమని ఆదేశం. పైన యాసిడ్ అని చీటీ అంటిద్దామని నేనన్నాను. ఆ మాట రోగుల మనసుకు మంచిది కాదని, "స్వచ్ఛత" అని వ్యవహరించమని చైర్మన్ గారు సెలవిచ్చారు. స్వచ్ఛత చీటీలు అచ్చుకు వెళ్ళాయి, ఇంకా రాలేదు. సీసా మీద పాత కాగితమే ఉండిపోయింది. దాని మీద కొండలూ, సెలయేరూ, "పరిశుద్ధమైన తాగునీరు" అనీ ఉంటుంది.

నూకరత్నం మా దగ్గర ఆరేళ్ళ నుంచి చేస్తోంది. జగన్నాథపురం మనిషి. నలభై దాటి ఉంటాయి, పని మాట్లాడినంత గట్టిగా చేస్తుంది. ఏడాదిగా ఆమె డ్యూటీ ఇందుమతి మేడమ్ ఇంట్లో. మేడమ్‌కి డెబ్బై నాలుగు. ఆడపిల్లల కాలేజీలో ముప్పై ఏళ్ళు కెమిస్ట్రీ చెప్పి, ఎన్ని ఆమ్లాలు ఒలికినా చెక్కు చెదరకుండా రిటైరై, చివరికి సబ్బు నీళ్ళ మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. మంచం మీద నుంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలన్నా, మళ్ళీ పడుకోబెట్టాలన్నా రత్నమే.

బోర్డు మీద నేను ఆరువందల ఎనభై మూడు రాసిన రోజు రత్నం మేడమ్ ఇంట్లో బాత్‌రూం కడగబోయింది. మంచినీళ్ళ సీసాలు ఎంత పల్చగా ఉంటాయో అందరికీ తెలిసిందే. మూత బిగుసుకుంది. ఎడమ చేత్తో సీసా గట్టిగా పట్టుకుని కుడి చేత్తో తిప్పింది. మూత ఊడేసరికి సీసా నొక్కుకుపోయి లోపలిది ఎగిరి కుడిచేతి మీద పడింది. బొటనవేలూ, చూపుడువేలూ, మణికట్టు దాకా కాలిపోయాయి. గ్లౌజులు అక్కడే, గుమ్మానికి తగిలించిన సంచిలో, సీలుతో ఉన్నాయి.

రత్నం అరుస్తూ టూత్‌పేస్టు కోసం పరిగెత్తిందట. మంచం మీద నుంచి మేడమ్ అంతకంటే గట్టిగా అరిచారట. "పేస్టు పెట్టావంటే ఊరుకోను! చెయ్యి పంపు కింద పెట్టు. ఇరవై నిమిషాలు. గడియారం నేను చూస్తున్నా, తియ్యకు!"

ఆ ఇరవై నిమిషాలే ఆ చేతిని అంతమాత్రమైనా మిగిల్చాయని బీమా ఆసుపత్రి డాక్టరు తరవాత చెప్పాడు.

మర్నాడు ఉదయం రత్నం చేతికి కట్టుతో వచ్చింది. అలవాటుగా మిషన్ దగ్గరికి వెళ్ళింది. కట్టు పక్కకి జరిపి బొటనవేలు పెట్టింది.

"క్షమించండి. మీరు గుర్తింపబడలేదు" అంది మిషన్.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ క్షమించమంది. వెనక లైనులో నిలబడి "తొరగా కానీయే" అన్నవాళ్ళు, ఆ వేలు చూసి నోళ్ళు మూసుకున్నారు. నేను బోర్డు దగ్గర సుద్దముక్కతో నిలబడి ఉన్నాను. ఆరువందల ఎనభై నాలుగు. అప్పటికే ఆరూ ఎనిమిదీ రాసేశాను. నాలుగు కూడా రాశాను. ఇది దాచి ప్రయోజనం లేదు.

రత్నం నా బల్ల దగ్గరికి వచ్చింది.

"బాబూ, ఆసుపత్రోళ్ళు కట్టు కట్టేరండి. కానీ ఏళ్ళ మధ్యన తోలు ముడిసుకుపోద్దంట. నెల లోపల ఆపరేషన్ సేత్తేనే బొటనేలు వంగుద్దంట. దానికి ఆఫీసు కాయితం కావాలంటన్నారండి. డూటీలో ఉండగా సెయ్యి కాలిందని ఒక్క ముక్క. రిజిస్టరు నెంబరు ఎయ్యాలంట. అంతేనండి."

అంతే. ఒక్క ముక్క. నెల గడువు. బొటనవేలు వంగకపోతే ఈ పని చేసేవాళ్ళకు ఇంకేం మిగులుతుంది? తడిగుడ్డ పిండలేదు, మనిషిని లేపలేదు. నాకు జాలేసింది. జాలి రాయడానికి రిజిస్టరులో గడి లేదు, అందుకని దరఖాస్తు తెమ్మన్నాను.

దరఖాస్తు ఇందుమతి మేడమ్ రాసిచ్చారు. చాలా ఏళ్ళ అలవాటు కాబోలు, ప్రాక్టికల్ రికార్డులా రాశారు. ఉద్దేశము: మరుగుదొడ్డి కడుగుట. పరికరములు: తాగునీరు అని అబద్ధము రాసి ఉన్న సీసా ఒకటి, సీలు తీయకూడని గ్లౌజులు ఒక జత. పరిశీలన: చర్మము కాలెను. నిర్ధారణ: యాసిడ్ చర్మమును కాల్చునని పందొమ్మిది వందల డెబ్బైలలోనే నేను బోధించియుంటిని.

నేను దానికి ఇన్‌వర్డ్ నంబరు వేశాను. రెండువందల పన్నెండు.

పేర్రాజు గారు దాన్ని మూడుసార్లు చదివి విచారణ సంఘం వేశారు. అధ్యక్షులు చైర్మన్ గారు, కన్వీనరు పేర్రాజు గారు, రాసుకునేది నేను. పదిహేడో రోజున బోర్డు ఏడువందలకు చేరుతుంది. ఏడువందల రోజులు పూర్తయిన సంస్థకు గృహసేవా సంస్థల సమాఖ్య వారు "శూన్య ప్రమాద పతకం" ఇస్తారు. ఆ సభకు ఆహ్వానం కార్డులు అప్పటికే పంచేశాం. సంఘం ఈ వాతావరణంలో సమావేశమైంది.

"మొదటి అంశము" అన్నారు పేర్రాజు గారు. "కాలుట అనగా అగ్ని సంబంధము. సదరు స్థలమున అగ్ని కలదా?"

"లేదండి" అంది రత్నం. "నీళ్ళలా ఉందండి, పడగానే మండిపోయిందండి."

"అగ్ని లేదు. రాయండి. కావున ఇది కాలుట కాదు. చర్మ వర్ణ పరివర్తన."

రాశాను.

"రెండవ అంశము. పని స్థలము. మన పని స్థలము ఈ కార్యాలయము. ఇల్లు అనునది ఇల్లు."

"మరి నేను ఇల్లకే కదండీ ఎల్లేది?" అంది రత్నం.

"వెళ్ళుట వేరు, స్థలము వేరు" అన్నారు చైర్మన్ గారు. ఆ వాక్యం ఆయనకే నచ్చింది, ఇంకోసారి అన్నారు.

"మూడవది ముఖ్యమైనది" అంటూ పేర్రాజు గారు హాజరు కాగితం తీశారు. "సదరు దినమున రాక ఉన్నది. పోక లేదు. నాలుగో నిబంధన ప్రకారము ఈమె ఆ దినము డ్యూటీకి రాలేదు."

"సాయంత్రం వచ్చేనండి! ఏలు పెట్టేను, తీసుకోలేదండి. కాలిపోయింది కదండీ ఏలు, ఇంకేటి తీసుకుద్ది?"

"కారణములు మిషన్‌కు అనవసరము. రాని మనిషికి పనిలో ప్రమాదము జరుగుట అసాధ్యము. అంతేగాక," అని గొంతు సవరించుకున్నారు, "డ్యూటీలో లేని వ్యక్తి రోగి గృహములో ఏమి చేయుచున్నట్లు? సంస్థ వారి స్వచ్ఛతను ఎవరి అనుమతితో తెరిచినట్లు?"

రత్నం నావైపు చూసింది. నేను కాగితం వైపు చూశాను.

చివర్లో ఆమె సంచి తనిఖీ చేశారు. గ్లౌజులు కవరులో, సీలుతో, తళతళలాడుతూ బయటికొచ్చాయి. పేర్రాజు గారి ముఖం విప్పారింది. "చూశారా! అంతటి సంకట సమయములో కూడా సీలు చెదరనివ్వలేదు!" అన్నారు మనస్ఫూర్తిగా. సాయంత్రానికి రత్నానికి ఒకే కవరులో రెండు కాగితాలు అందాయి. ఒకటి గ్లౌజులను కాపాడినందుకు ప్రశంసాపత్రం. రెండోది అనుమతి లేకుండా రోగి ఇంట్లో ఉన్నందుకు సంజాయిషీ నోటీసు. రెండూ నేనే టైపు చేశాను. తప్పులు లేకుండా చేశాను. 

అయితే సంస్థ చేతులు ముడుచుకుని కూర్చుందనుకుంటే పొరపాటు. సంస్కరణలు వరసగా వచ్చాయి. గ్లౌజుల సీలు తెరవదలచిన సహచరి నలభై ఎనిమిది గంటల ముందుగా దరఖాస్తు పెట్టుకోవచ్చునన్నారు. ఫారంలో "సంభవించబోవు ప్రమాదము యొక్క తేదీ, సమయము" అని ఒక గడి, కింద కుడి బొటనవేలి ముద్రకు ఒక గడి. తరవాత గ్లౌజుల కవరు చిరగకుండా దానికో గుడ్డ సంచి కుట్టించారు. గుడ్డ సంచి మాసిపోకుండా దానికో ప్లాస్టిక్ కవరు ఇచ్చారు. పేర్రాజు గారు "మూత తెరుచు విధానము" అని ఎనిమిది మెట్లతో పోస్టరు తయారుచేశారు. ఎనిమిదో మెట్టు, చిరునవ్వు.

రత్నం చెయ్యి చూసి భయపడ్డ సహచరులు పాల ప్యాకెట్ల కవర్లు చేతులకు తొడుక్కుని రబ్బరుబ్యాండ్లు వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ కబురు ఆఫీసుకు తెలిసింది. అనధికార గ్లౌజులు సంస్థ ప్రతిష్ఠకు భంగకరమని సర్క్యులర్ నంబరు ముప్పై ఒకటి వచ్చింది. పాల కవర్లు మాత్రం సీలు చెదిరినవే కావడం పేర్రాజు గారిని ఎక్కువ బాధించినట్టుంది.

ఈ పదహారు రోజులూ రత్నం ప్రతి ఉదయం వచ్చింది. వేలు పెట్టింది. మిషన్ క్షమించమంది. కంప్యూటర్ లెక్కలో ఆమె లేదు కాబట్టి మేడమ్ ఇంటికి వేరే మనిషిని పంపాం. మేడమ్ తిప్పి పంపేశారు. "రత్నం ఒక్క చేత్తో లేపినా చాలు, నేను ఇంకో చెయ్యి వేస్తా" అన్నారట. వాళ్ళిద్దరూ అలాగే నెట్టుకొచ్చారు. ఒకరోజు రత్నం నా బల్ల దగ్గర ఆగి కట్టు విప్పి చూపించింది. బొటనవేలు అరచేతిలోకి వంగక, బయటికి రాక, మధ్యలో నిలిచిపోయింది.

"ఇంకా పద్నాలుగు రోజులుందండి గడువు" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే కాస్త తేలిగ్గా ఉండేది.

నాకు సిగ్గేసింది. పేర్రాజు గారి దగ్గరికి వెళ్ళి, "సార్, ఒక్క లైను రాసేద్దామా?" అన్నాను. ఆయన కూడా ఆ చేతిని చూసినట్టున్నారు, కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. "రాస్తే బోర్డు ఏమవుతుంది కొండలరావ్?" అన్నారు. "ఇంతమంది కష్టము."

ఏడువందలో రోజు వచ్చింది. అంకె రంగు సుద్దతో రాశాను, చుట్టూ పువ్వులు గీశాను. హాల్లో షామియానా బట్ట, వేదిక, మైకు. సమాఖ్య అధ్యక్షులు గారు పతకం పెట్టెతో వచ్చారు. సంతృప్తి చెందిన రోగి ఒకరు వేదిక మీద ఉండాలని చైర్మన్ గారు ఆశించారు. ఎవరిని అడిగినా లేవలేమన్నారు. ఇందుమతి మేడమ్ మాత్రం తనంతట తనే వస్తానని ఫోన్ చేశారు. చక్రాల కుర్చీలో వచ్చారు. రత్నం ఎడమ చేత్తో తోసుకొచ్చింది.

పేర్రాజు గారు మూత తెరుచు విధానాన్ని సభలో ప్రదర్శించాలని కార్యక్రమంలో ఉంది. ప్రదర్శనకు మంచినీళ్ళ సీసా ఒకటి బల్ల మీద పెట్టమన్నారు నన్ను. నేను స్టోరు గదిలోంచి తెచ్చి పెట్టాను. మంచినీళ్ళ సీసానే పెట్టాను. అలాగే రాసి ఉంది దాని మీద.

ఉపన్యాసాల మధ్యలో అధ్యక్షులు గారికి దాహమై ఆ సీసా మీద చెయ్యి వేశారు. "సార్, సార్, అది ప్రదర్శనార్థము" అని పేర్రాజు గారు మర్యాదగా లాక్కుని ఇంకో సీసా తెప్పించారు. ఆ లాక్కోవడం కార్యక్రమంలో లేకపోయినా, ఆ రోజు మా సంస్థలో అమలైన భద్రతా చర్య అదొక్కటే.

మేడమ్‌ని రెండు మాటలు మాట్లాడమన్నారు. ఆవిడ మైకు పక్కకి నెట్టారు.

"మాటలెందుకు? ప్రాక్టికల్ చూద్దాం. గ్లౌజులు వేసుకుని చెయ్యండి పేర్రాజు గారూ."

సభ చప్పట్లు కొట్టింది. పేర్రాజు గారు చైర్మన్ గారి వైపు చూశారు. చైర్మన్ గారు పెద్ద మనసుతో తలూపారు. రెండేళ్ళలో మొదటిసారి మా సంస్థలో ఒక సీలు అధికారికంగా తెగింది. ప్లాస్టిక్ కవరు, గుడ్డ సంచి, అసలు కవరు, అన్నీ దాటాక గ్లౌజులు బయటికొచ్చాయి. రెండు కాకినాడ వేసవులు ఊపిరాడకుండా గడిపిన రబ్బరు అది. రెండు చేతులవీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. లాగితే ఒకటి అప్పడంలా విరిగింది. రెండోది వేళ్ళు వేళ్ళుగా ఊడి వచ్చింది.

వరసగా నిలబడి ఉన్న సహచరులందరూ తమ తమ సంచుల వైపు చూసుకున్నారు.

"కానివ్వండి, కానివ్వండి" అన్నారు చైర్మన్ గారు, ఫొటోగ్రాఫరు చూస్తున్నాడని.

పేర్రాజు గారు బొటనవేలికి ఒక నీలం ముక్క తగిలించుకుని, "మొదటి మెట్టు, సీసాను దృఢముగా పట్టుకొనుట" అన్నారు. దృఢంగా పట్టుకున్నారు. "రెండవ మెట్టు" అనబోయారు. మూత ఊడింది, సీసా నొక్కుకుంది, లోపలిది ఎగిరింది. ముక్కుపుటాలు అదిరే వాసన వచ్చింది. మిగతా ఆరు మెట్లూ ఆయన ఒకేసారి గెంతారు.

"అమ్మా! మంట! కాలిపోయింది! కాలిపోయిందర్రా!"

ఎవరో కాఫీ పొడి అన్నారు, ఎవరో కొబ్బరినూనె అన్నారు. అధ్యక్షులు గారు తన పక్కన ఉన్న రెండో సీసాను దూరంగా జరిపి, పతకం పెట్టె జేబులో వేసుకుని, ఇంకో సభ ఉందని జ్ఞాపకం తెచ్చుకున్నారు.

"నీళ్ళు!" మేడమ్ గొంతు షామియానా దాటి వినపడింది. "రత్నం, పంపు దగ్గరికి లాక్కెళ్ళు! ఇరవై నిమిషాలు!"

రత్నం ఎడమ చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్ళింది. పంపు కింద ఆయన చెయ్యి గట్టిగా పట్టి ఉంచింది. ఐదు నిమిషాలకు ఆయన చాలన్నారు. "ఉంచండి బాబూ, తియ్యకండి. నాకు తెలుసండి ఇది" అంది. ఇరవై నిమిషాలూ పట్టుకునే ఉంది. ఆయన ఏడుస్తూ ఆమె కుడిచెయ్యి వంక చూస్తూ నిలబడ్డారు. అంత దగ్గరగా ఎప్పుడూ చూసి ఉండరు.

మధ్యాహ్నం మూడింటికి ఆయన బీమా ఆసుపత్రి నుంచి కట్టుతో తిరిగొచ్చి, దరఖాస్తు నా చేతికిచ్చి బల్ల ముందు కూలబడ్డారు.

"రిజిస్టరు నంబరు కావాలన్నారు కొండలరావ్. రాయి. డ్యూటీలో ఉండగా చెయ్యి కాలింది."

నేను రిజిస్టరు తెరిచాను. అట్ట లోపలి కాగితం ఆయనకు కనపడేలా తిప్పాను.

"కాలింది అనకూడదు కదండీ. వర్ణ పరివర్తన అనాలి. అగ్ని లేదు."

"కాలిందయ్యా! నాకు తెలియదా, కాలిందో లేదో?"

"సరే సార్. కానీ ఇవాళ మీకు రాక ఉంది, పోక పడదు. నాలుగో నిబంధన ప్రకారం మీరు ఇవాళ రాలేదు."

ఆయన కట్టు వంక చూసుకున్నారు. "సవరణ రాసుకో" అన్నారు. "గాయము వలన ముద్ర పడని ఎడల ఎడమ బొటనవేలు చెల్లును. ఇది గత నెల ఒకటవ తేదీ నుండి అమలు."

రాశాను. అయినా కలం రిజిస్టరు మీద పెట్టలేదు. ఉద్యోగం నాకూ అవసరమేనని తెలిసీ పెట్టలేదు.

"ఇంకా ఏమిటి?"

"తొమ్మిదో నిబంధన సార్. ముందు జరిగినది నమోదు చేయక తరువాతది చేయరాదు. మీ దరఖాస్తు ఇన్‌వర్డ్ నంబరు రెండువందల ముప్పై ఒకటి. రెండువందల పన్నెండు ముందుంది."

ఆయన అట్ట మీద తన దస్తూరీని చూసుకున్నారు. దాన్ని కాదనడం ఆయన వల్ల కాదని నాకు తెలుసు. ముప్పై మూడేళ్ళలో, అనేక శాఖల్లో, ఆయన అలాంటి పని చేసి ఉండరు.

"రాయి" అన్నారు. తరవాత మెల్లిగా, "బాగా రాయి" అన్నారు.

క్రమసంఖ్య ఒకటి. నూకరత్నం. డ్యూటీలో ఉండగా, రోగి ఇంట, యాసిడ్ పడి కుడిచెయ్యి కాలినది. నా జీవితంలో అంత గుండ్రంగా ఎప్పుడూ రాయలేదు. ఆసుపత్రికి కాగితం ఆ సాయంత్రమే రత్నానికి ఇచ్చాను. గడువుకు ఇంకా పదమూడు రోజులుంది. ఆపరేషన్ అయింది. వేలు మునుపటిలా కాదు గానీ వంగుతోంది, గుడ్డ పిండుతోంది. సంస్థ ఇప్పుడు యాసిడ్‌ని యాసిడ్ అనే చీటీతో గట్టి డబ్బాల్లో ఇస్తోంది. గ్లౌజులకు కొత్త సర్క్యులర్ వచ్చింది: ప్రతి నెల మొదటి సోమవారమున అరిగినవి చూపి కొత్తవి పొందవలెను, అరగనివి చూపినచో సంజాయిషీ ఇవ్వవలెను. పేర్రాజు గారు మారారని నేననను. ఈసారి రూలు ఎందుకో చేతుల పక్షాన పడింది.

మర్నాడు బోర్డు మీద సున్నా పెట్టాను. ఇప్పుడు రోజూ అడిగి, విని, ఆ తరవాతే అంకె రాస్తాను. ఎప్పుడూ తొమ్మిది దాటలేదు.

రత్నం తిరిగి చేరిన రోజు లైను చివర్న ఆమె, ఆమె వెనక పేర్రాజు గారు నిలబడ్డారు. ఆమె ఎడమ బొటనవేలు పెట్టింది. మిషన్ "ధన్యవాదములు" అంది. పేర్రాజు గారు అలవాటు కొద్దీ కుడిది పెట్టారు.

"క్షమించండి. మీరు గుర్తింపబడలేదు."

మళ్ళీ కుడిదే పెట్టబోయారు. రత్నం వెనక్కి తిరిగి ఆయన చెయ్యి పట్టుకుంది.

"మనిద్దరిదీ ఎడమదండి బాబూ, ఎడమది."